మర్యాదగా ముడతలు పడ్డ సోఫా

ఇంగ్లీషు మర్యాదని మించిన వరం ఈ భూమ్మీద ఇంకోటి లేదు. కాదన్నవాళ్ళు రండి, తేల్చుకుందాం. నోటితో వాదించడం నా వల్ల కాదు. నేను మాట్లాడేదే తక్కువ. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

మీరే ఆలోచించండి. మన భాషలో ఒక మనిషిని తిట్టాలంటే ఎంత శ్రమ! మెడ నరాలు పొంగాలి. కళ్ళెర్రబడాలి. గొంతు చించుకోవాలి. తిట్టాక ఆయాసం, ఆయాసం తగ్గాక సిగ్గు, సిగ్గు తగ్గాక వెళ్ళి ఏదో వంకతో మాట కలపడం. తిట్టిన తిట్టంతా వృథా. ఇద్దరూ కలిసిపోతారు. మళ్ళీ మొదటికొచ్చినట్టే కదా?

అదే ఇంగ్లీషులో అయితే చొక్కా నలగదు. పెదాల మీద నవ్వు చెరగదు. "ఓ, గుడ్ ఫర్ యూ" అంటే చాలు. అవతలివాడు నెత్తురు చుక్క కనపడకుండా తెగిపోతాడు. పైగా వాడే "థాంక్యూ" అంటాడు. పొడిచినవాడికి పొడిపించుకున్నవాడు థాంక్స్ చెప్పే విద్య ఇంకెక్కడైనా ఉందా?

ఆ విద్య మా షాపులోకి ఎలా వచ్చిందో, వచ్చి మమ్మల్ని ఎంత బాగుచేసిందో చెబుతాను. వినండి.

మాది పాత సోఫాలు, కుర్చీలు బాగుచేసే షాపు. ముందు గదిలో అద్దాల తలుపు, కౌంటరు, గుడ్డల శాంపిళ్ళు. వెనక గదిలో పని, దుమ్ము, మేం. షాపు ఇద్దరు అన్నదమ్ములది. పెద్దవాణ్ణి పెద్దమేస్త్రి అంటాం, చిన్నవాణ్ణి చిన్నమేస్త్రి అంటాం. నేను వాళ్ళ నాన్న హయాంలో పనిలో చేరాను. చుట్టరికం లేకపోయినా ఇద్దరికీ బాబాయిని. మూల పీట మీద కూర్చుని పాత సోఫాల కడుపులోంచి తీసిన కొబ్బరిపీచు విడదీసి, దులిపి, మళ్ళీ కూరడానికి అందించడం నా పని.

సోఫాకి గుడ్డ ఎక్కించడం ఎప్పుడైనా చూశారా? ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. చిన్నమేస్త్రి వెనక నిలబడి రెండు చేతులతో గుడ్డ లాగాలి. పెద్దమేస్త్రి ముందు మోకాళ్ళ మీద కూర్చుని అంచు మడిచి మేకు కొట్టాలి. లాగేవాడికి అంచు కనపడదు. కొట్టేవాడికి లాగేవాడి చేతులు కనపడవు. మధ్యలో సోఫా. మరి ఎంత లాగాలో, ఎక్కడ ఆపాలో తెలిసేదెలా?

తిట్లతో తెలిసేది.

"లాగరా" అంటే మామూలుగా లాగమని. "లాగరా గాడిదా" అంటే ఇంకాస్త. "తిన్నదంతా ఎటు దాచావురా" అంటే ఒంట్లో ఉన్న బలమంతా పెట్టమని. "చాలురా, చించుతావా" అంటే అక్కడే ఆపి ఊపిరి బిగబట్టమని. వెనక నుంచి తమ్ముడు "కొట్టవయ్యా మగడా, చేతికి చెద పట్టిందా" అన్నాడంటే బిగువు కుదిరింది, ఇక మేకు దించమని. సుత్తి టకటకమనేది. గుడ్డ డప్పులా బిగిసేది. దాని మీద చీమ నడిచినా కాలు జారేది.

ఇంకో సంగతి. పెద్దమేస్త్రి మేకులు గుప్పెడు నోట్లో పోసుకుంటాడు. నాలుకతో ఒక్కొక్కటీ పళ్ళ మధ్యకి తెచ్చుకుని, అక్కణ్ణుంచి తీసి కొడతాడు. ఈ పనివాళ్ళందరికీ ఉన్న అలవాటే. "లాగరా గాడిదా" అని నోటినిండా మేకులున్నా అనొచ్చు. మీరూ అని చూడండి. పెదాలు కలపక్కర్లేదు.

నన్ను కూడా వదిలేవాళ్ళు కాదు. "ఏం బాబాయ్, పీచు తెస్తావా, దాని మీదే పక్కేసి పడుకున్నావా?" అనేవాడు పెద్దమేస్త్రి. "ముసలాయనకి పీచు విడదియ్యడం కాదురా, దాంతో కబుర్లు కూడా కావాలి" అనేవాడు తమ్ముడు. నేను పలికేవాణ్ణి కాదు. పీచు ఉండ ఒకటి వాడి మొహాన కొట్టేవాణ్ణి.

ఇంత అనాగరికంగా బతికాం. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఒకరోజు ఒకావిడ తన కుర్చీ ఎంతవరకూ వచ్చిందో చూద్దామని పిలవకుండానే వెనక గదిలోకి వచ్చింది. వంగి కుర్చీ కాళ్ళు చూస్తోంది. సరిగ్గా అప్పుడే సోఫా కింద నుంచి పెద్దమేస్త్రి, "తిన్నదంతా ఎటు దాచావురా గాడిదా" అన్నాడు. ఆవిడ కాస్త ఒళ్ళున్న మనిషి. ఆ 'రా' తనకి వర్తించదని కూడా ఆలోచించలేదు. మొహం కందగడ్డ చేసుకుని వెళ్ళిపోయింది. ఇంటికెళ్ళి ఫోనులో మా షాపు పేరు కింద ఒకే ఒక్క స్టారు పెట్టి, ఇక్కడ సోఫాలకే కాదు, వచ్చినవాళ్ళకి కూడా మేకులు దించుతారని రాసింది.

అది చదివినది అమ్మాయి. అమ్మాయంటే పెద్దమేస్త్రి కూతురు. చదువు అయ్యాక ఒక పెద్ద ఆఫీసులో కొన్నాళ్ళు పనిచేసి, అది మానేసి, మా కౌంటరులో కూర్చుంది. తెలివైన పిల్ల. తండ్రినీ చిన్నాన్ననీ నిలబెట్టి, ఇవాళ్టి నుంచి ఈ షాపులో తిట్లు బందని చెప్పేసింది. ఆఫీసుల్లో మనుషులు ఎంత కోపమొచ్చినా గొంతెత్తరట. ప్లీజ్, సారీ, థాంక్యూ, నో ప్రాబ్లమ్, ఇట్స్ ఫైన్, టేక్ యువర్ టైమ్ అని వీటితోనే అంతంత కంపెనీలు నడిచిపోతాయట. మధ్యాన్నం టీ తాగే వేళకి అన్నదమ్ముల్ని కూర్చోబెట్టి పాఠం చెప్పేది. నన్నూ కూర్చోమంది. మూడో తరగతిలో ఆపిన చదువు ఇన్నేళ్ళకి మళ్ళీ మొదలైందని నేను లోలోపల మురిసిపోయాను.

మొదట్లో అంతా సరదాగా ఉండింది. ప్లీజ్ అనాలంటే రెండు పెదాలూ కలవాలి, మేకులు గుచ్చుకుంటాయి. అందుకని పెద్దమేస్త్రి ప్రతిసారీ మేకులన్నీ అరచేతిలోకి ఉమ్మి, "ప్లీజ్ లాగు" అని, మళ్ళీ నోట్లో పోసుకునేవాడు. వెనక నుంచి తమ్ముడు "ష్యూర్" అనేవాడు. ఎంత లాగాలో ప్లీజ్‌లో లేదు. ఎంత లాగాడో ష్యూర్‌లో లేదు. పని కాస్త సాగేది, గుడ్డ కాస్త వదులయ్యేది. అయితేనేం? ముందు గదిలో కూర్చున్నవాళ్ళకి మా గొంతులు గుళ్ళో గంటల్లా వినపడేవి.

నా వాటా నాకూ వచ్చింది. పీచు అందించడం ఆలస్యమైతే మునుపటిలా ఎకసెక్కాలు లేవు. "టేక్ యువర్ టైమ్ బాబాయ్ గారూ" అనేవాళ్ళు ఇద్దరూ, ఎంతో మెత్తగా. చూశారా, ఏకంగా టైమే ఇచ్చేస్తున్నారు! ఈ వయసులో నాకు అంతకంటే విలువైనది ఎవరివ్వగలరు?

అలా ఉండగా పళ్ళ డాక్టరు వచ్చాడు.

తన క్లినిక్కులో రోగులు కూర్చునే సోఫాలన్నీ మాకే ఇద్దామని ఉందనీ, ముందుగా ఒక కుర్చీ చేసి చూపించమనీ అన్నాడు. రంగు మా ఇష్టానికి వదిలేశాడు. పెద్దమేస్త్రి ఊరంతా తిరిగి చిలకాకుపచ్చ గుడ్డ తెచ్చి, అంచులకి వంకాయరంగు పట్టీ కుట్టించాడు. డాక్టరు వచ్చి కుర్చీ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"ఇంట్రెస్టింగ్," అన్నాడు. "వెరీ బోల్డ్ కలర్స్."

సోఫాలకి గుడ్డ మాత్రం తనే ఎంచి పంపిస్తానని చెప్పి నవ్వుతూ వెళ్ళిపోయాడు.

పెద్దమేస్త్రి కాళ్ళు నేల మీద నిలవలేదు. అందరికీ బిస్కట్లు తెప్పించాడు. భార్యకి ఫోన్ చేసి, డాక్టరంతటివాడు తన రంగులు మెచ్చుకున్నాడని చెప్పాడు. అమ్మాయి చాలాసేపు పెన్ను నోట్లో పెట్టుకుని కూర్చుంది. చివరికి ఉండబట్టలేక అసలు సంగతి చెప్పింది.

"నాన్నా, ఇంట్రెస్టింగ్ అంటే నచ్చలేదని."

"నచ్చకపోతే నచ్చలేదనొచ్చుగా?"

"అలా అంటే బాగోదు."

"మరి బోల్డ్ అన్నాడుగా?"

"అంటే అస్సలు నచ్చలేదని."

పెద్దమేస్త్రి చేతిలో బిస్కట్టు అలాగే ఉండిపోయింది. అది తినలేదు, పారెయ్యలేదు. కొంతసేపయ్యాక ఆ కుర్చీని గోడవైపు తిప్పి పెట్టాడు. వాడి మొహం చూస్తే, తన్నులు తిని ఎవరు తన్నారో తెలీక వెతుక్కుంటున్నవాడిలా ఉంది. అప్పుడు, నేను చూస్తూండగానే, ఆ మొహంలో ఏదో వెలిగింది. ఇంత మెత్తగా కోసే కత్తి ఒకటుందని అంతవరకూ వాడికి తెలీదు మరి!

కొత్త కత్తి చేతికొస్తే ఎవరి మీద పెట్టి చూస్తాం? దగ్గర ఉన్నవాడి మీదే కదా.

మర్నాడు చిన్నమేస్త్రి జుట్టుకి రంగేసుకుని వచ్చాడు. నల్లరంగే కొన్నాడట గానీ తల మీదకి వచ్చేసరికి ఎర్రటి ఇటుకలా తేలింది. పాతరోజుల్లో అయితే అన్న ఒక్క మాట అనేవాడు, "తల తగలబడిందిరా, నీళ్ళు పోసుకో" అని. ఇద్దరూ విరగబడి నవ్వేవాళ్ళు. ఆ రోజు పెద్దమేస్త్రి తమ్ముడి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"ఇంట్రెస్టింగ్. వెరీ బోల్డ్ కలర్."

చిన్నమేస్త్రి పొంగిపోయి అద్దంలో మళ్ళీ చూసుకున్నాడు. కౌంటరు దగ్గరికి వెళ్ళి, మీ నాన్న ఇలా అన్నాడమ్మా అని గొప్పగా చెప్పాడు. అమ్మాయి తల దించుకుంది. అమ్మాయి తల దించుకోగానే వాడికి అర్థమైపోయింది.

ఇక చూడండి, ఏం నాగరికత! ఏం అభివృద్ధి!

పెద్దమేస్త్రికి మోకాళ్ళ నొప్పులు. కూర్చుంటే లేవడం కష్టం. తమ్ముడు చెయ్యందిస్తూ "లేవయ్యా ముసలి ఎద్దూ" అనేవాడు మునుపు. ఇప్పుడు దూరంగా నిలబడి, చేతులు కట్టుకుని, "ప్లీజ్ టేక్ యువర్ టైమ్ అన్నగారూ" అన్నాడు. ఆ 'గారు' విన్నారా? రక్తం పంచుకు పుట్టిన తమ్ముడి నోట్లోంచి 'గారు' వచ్చిందంటే అది ఇంగ్లీషు కంటే దూరం. అన్న కూడా తక్కువ తినలేదు. 'రా' పోయింది. 'నువ్వు' పోయింది. "మీరు కాస్త గుడ్డ పట్టుకోగలరా ప్లీజ్?" అన్నాడు. గోడ పట్టుకుని తనే లేచాడు.

చిన్నమేస్త్రి ఆలస్యంగా వస్తే "సో నైస్ ఆఫ్ యూ టు కమ్" అనేవాడు అన్న. అన్న కత్తిరింపు తప్పితే "నో ప్రాబ్లమ్, హ్యాపెన్స్" అనేవాడు తమ్ముడు. నో ప్రాబ్లమ్ అంటే ప్రాబ్లమ్ ఉందనీ, ఇట్స్ ఫైన్ అంటే మండిపోతోందనీ, సారీ అంటే తప్పు నీదేననీ నేను మూల కూర్చుని పీచు విడదీస్తూ నేర్చేసుకున్నాను. 'విత్ డ్యూ రెస్పెక్ట్' అని ఎవరైనా మొదలుపెడితే ముందు తల కాచుకోవాలి. గౌరవం ముందొచ్చిందంటే దాని వెనకే రాయి వస్తోందన్నమాట.

ఇంట్లోకి కూడా పాకింది. అన్నదమ్ములవి పైవాటా, కిందివాటా. తోడికోడళ్ళిద్దరూ ఒకరికొకరు గిన్నెలు పంపుకునేవాళ్ళు, ఉప్పెక్కువైందని ఒకరు, కారం చచ్చిందని ఒకరు మెట్ల మీద నుంచి అరుచుకునేవాళ్ళు. ఇప్పుడు కింద నుంచి కూర గిన్నె వెళితే పైనుంచి ఫోనులోకి "సో స్వీట్ ఆఫ్ యూ అక్కా" అని వచ్చేది. పక్కన ఒక నవ్వు బొమ్మ. పెద్దావిడ ఆ బొమ్మ వంక చాలాసేపు చూసి, అందులో పళ్ళు ఎందుకు కనపడుతున్నాయని కూతుర్ని అడిగింది. అప్పట్నుంచి గిన్నెలు ఆగిపోయాయి.

గొడవలు మాత్రం ఒక్కటీ లేవు. అది గమనించండి. ఒక్క అరుపు లేదు. ఒక్క సుత్తి విసరడం లేదు. ఇంత శాంతి ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు. అందరికీ కడుపులో మంట, అంతే. అది మందులతో తగ్గుతుంది కదా?

డాక్టరు పంపిన గుడ్డతో పెద్ద సోఫా చేశారు. వెడల్పాటిది, వరసగా నలుగురు కూర్చునేది. గుడ్డ మంచిది, పని మర్యాదగా జరిగింది. పూర్తయ్యాక చేతిపక్కన నాలుగు వేళ్ళ పొడుగున ముడత పడింది. పెద్దమేస్త్రి చూశాడు. చిన్నమేస్త్రీ చూశాడు. నేనూ చూశాను. మునుపైతే "గుడ్డివాడివా, ఇదేం లాగడంరా" అంటే "నీ కొట్టుడు చూసుకో ముందు" అనేవాడు, ఊడదీసి మళ్ళీ ఎక్కించేవాళ్ళు. ఇప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇట్స్ ఫైన్," అన్నాడు అన్న.

"పర్ఫెక్ట్," అన్నాడు తమ్ముడు.

సోఫా క్లినిక్కుకి వెళ్ళింది. వారం తిరక్కుండా వెనక్కి వచ్చింది. డాక్టరు ఎంత మర్యాదస్తుడంటే, తొందరేం లేదనీ, వీలు చూసుకునే సరిచెయ్యమనీ, తన రోగులు ఎలాగూ నొప్పి ఓర్చుకోవడానికే వస్తారనీ చెప్పి పంపాడు. మిగిలిన సోఫాల ఊసు మాత్రం ఎత్తలేదు. ఆ ఆర్డరు లేకపోతే మా పని కష్టమేనని అమ్మాయి అంది.

అన్నదమ్ములిద్దరూ ఆ ముడత ముందు నిలబడ్డారు.

"విత్ డ్యూ రెస్పెక్ట్," అన్నాడు పెద్దమేస్త్రి, "లాగినవారు ఇంకాస్త లాగి ఉంటే బాగుండేది."

"అబ్సల్యూట్లీ. కొట్టినవారికి కళ్ళు కనపడి ఉంటే ఇంకా బాగుండేది. నో అఫెన్స్."

"అయ్యో, అస్సలు లేదు."

ఇద్దరూ నవ్వుతున్నారు. ఆ నవ్వులు చూసి నా చేతిలో పీచు జారిపోయింది. వాళ్ళ నాన్న పోయినప్పుడు కూడా నేను ఆ గదిలో అంత చలి ఎరగను.

చిన్నమేస్త్రి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. రెండు వీధుల అవతల ఒక గది చూసుకున్నాననీ, ఇక నుంచి తన పని తను చేసుకుంటాననీ చెప్పాడు. గొంతు కొంచెం కూడా పెరగలేదు. చెప్పి, చెయ్యి ముందుకు చాపాడు.

"ఆల్ ది బెస్ట్ అన్నగారూ."

పుట్టి బుద్ధెరిగాక ఆ అన్నదమ్ములు చేతులు కలపడం నేను చూడలేదు. వీపు మీద చరుచుకోవడం చూశాను, చెవి పట్టి మెలెయ్యడం చూశాను. పెద్దమేస్త్రి ఆ చేతి వంక చూశాడు. అది ఏం చేతో, ఎందుకొచ్చిందో ఇంగ్లీషు తెలిసిన వాడికి తెలిసిపోయింది. అప్పుడు వాడు ఒక మాట అన్నాడు. ఆ మాట వాడి కడుపులోంచి వచ్చింది. ప్రమాణం చేసి చెబుతున్నాను, అందులో కల్తీ లేదు.

"సారీ," అన్నాడు.

పాపం తమ్ముడేం చేస్తాడు? పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ మాట విని ఉన్నాడు. సుత్తి జారినా సారీ, గుడ్డ చిరిగినా సారీ, కాఫీ చల్లారినా సారీ. ప్రతి సారీలోనూ ఒక ముల్లు. ఇందులో ముల్లు లేదని ఎలా తెలుస్తుంది? మొహాన ఏ గుర్తూ ఉండదు కదా మాటకి.

"నో ప్రాబ్లమ్," అని వెళ్ళిపోయాడు.

చూశారా ఇంగ్లీషు గొప్పతనం? అన్న నిజంగా క్షమించమన్నాడు, తమ్ముడు పైకి క్షమించేశాడు కూడా. ఇద్దరి మధ్యా ఒక్క చెడ్డ మాట దొర్లలేదు. ముప్పైయేళ్ళ షాపు నిశ్శబ్దంగా రెండు ముక్కలైంది.

అమ్మాయి కౌంటరు వెనక కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. నేను అనుకున్నది ఇది కాదు తాతయ్యా, అంది. ఏదైనా అందామని నా నోరు తెరుచుకుంది. మంచిమాటలన్నీ ఎప్పుడో వాడేసి పాడుచేసి పెట్టాం. దొరికిందే అన్నాను, "ఇట్స్ ఓకే" అని. పిల్ల మొహం ఇంకా చిన్నబోయింది.

తరవాత కొన్నాళ్ళు పెద్దమేస్త్రి చిన్న చిన్న కుర్చీలతో నెట్టుకొచ్చాడు. డాక్టరు సోఫా మాత్రం మధ్యలో అలాగే ఉంది, నడిచినప్పుడల్లా కాలికి తగులుతూ. చివరికి డాక్టరే ఫోన్ చేశాడు. ఏమాత్రం ఒత్తిడి లేదుగానీ రేపు పొద్దున తనే వచ్చి చూసుకుంటానన్నాడు. ఏమాత్రం ఒత్తిడి లేదంటే పీక మీద కాలుందని మా అందరికీ తెలుసు.

మర్నాడు తెల్లారి షాపు తీస్తూనే పెద్దమేస్త్రి పాత గుడ్డ ఊడదీశాడు. కొత్తది పరిచాడు. నా వంక చూశాడు.

"బాబాయ్ గారూ, కాస్త లాగుతారా ప్లీజ్?"

వెళ్ళాను. వెనక నిలబడి గుడ్డ అంచు పట్టుకున్నాను. వేళ్ళు పట్టు చాలక జారిపోయాయి. మళ్ళీ పట్టుకున్నాను. మళ్ళీ జారాయి. పీచు విడదీసే వేళ్ళు వేరు, బిగువు లాగే వేళ్ళు వేరు. అది వాడికీ తెలుసు. మేకులు అరచేతిలోకి ఉమ్మాడు. చాలా మెత్తగా అన్నాడు.

"టేక్ యువర్ టైమ్ బాబాయ్ గారూ."

నేను వచ్చి నా పీట మీద కూర్చున్నాను.

వాడు మళ్ళీ మేకులు నోట్లో పోసుకుని ఒక్కడే మొదలుపెట్టాడు. ఎడమచేత్తో లాగి, మోకాలితో అదిమి, కుడిచేత్తో కొట్టబోతే గుడ్డ అటు జారుతోంది. అటు పట్టుకుంటే ఇటు జారుతోంది. వాడి చొక్కా వీపంతా తడిసిపోయింది. ముందు గదిలో అద్దాల తలుపు చప్పుడైంది. డాక్టరు వచ్చి కూర్చున్నాడు. అమ్మాయి ఆయనకి కాఫీ తెప్పిస్తోంది.

సరిగ్గా అప్పుడే వెనక గుమ్మంలోంచి చిన్నమేస్త్రి వచ్చాడు. వాడి పెద్ద కత్తెర ఇక్కడే ఉండిపోయింది, దాని కోసం. ఎవరినీ చూడకుండా మేకుకి తగిలించిన కత్తెర తీసుకున్నాడు. "ఎక్స్‌క్యూజ్ మీ" అని సోఫా పక్క నుంచి వెళ్ళబోయాడు.

గుడ్డ చివర పెద్దమేస్త్రి వేళ్ళలోంచి జారిపోతోంది. కుదరక కుదరక కుదిరిన బిగువు. జారిందంటే మళ్ళీ దొరకదు. అవతల డాక్టరు. వాడికి తమ్ముణ్ణి పిలవాలనుంది. పిలవడానికి ప్లీజ్ కావాలి. ప్లీజ్ అనడానికి మేకులు ఉమ్మాలి. ఉమ్మడానికి చెయ్యి ఖాళీ లేదు. నోటినిండా ఇనుము పెట్టుకుని మనిషి ఏ మర్యాద పలకగలడు?

"లాగరా గాడిదా."

చిన్నమేస్త్రి ఉన్నచోటే ఆగిపోయాడు. కత్తెర కింద పడేశాడు. సోఫా వెనక్కి ఒక్క అంగలో వెళ్ళి గుడ్డ అందుకుని, కాలు సోఫా కొయ్యకి తన్నిపెట్టి లాగాడు.

"తిన్నదంతా ఎటు దాచావురా," అంది సోఫా ముందు నుంచి గొంతు. మేకుల మధ్య నుంచి వచ్చిందేమో, చిత్రంగా ఉంది.

"నీ పెళ్ళాం కూర పంపడం మానేసిందిగా, ఇంకెక్కడి తిండి. కొట్టవయ్యా మగడా, చేతికి చెద పట్టిందా?"

"చాలురా, చాలు, చించుతావా."

సుత్తి పడింది. టకటకటక. నేను చెవులు రిక్కించి కూర్చున్నాను. ఎన్నాళ్ళయిందో ఆ చప్పుడు విని. మొదటి వరసకే ముడత పారిపోయింది. వాళ్ళు ఆపలేదు. ఇన్నాళ్ళూ దాచిపెట్టుకున్నవన్నీ తీశారు. ఇటుక జుట్టు వచ్చింది, గుడ్డి కళ్ళు వచ్చాయి, చిలకాకుపచ్చ కుర్చీ వచ్చింది, నవ్వు బొమ్మలో పళ్ళు వచ్చాయి. ఒక్కో తిట్టుకీ ఒక్కో మేకు దిగింది.

ముందు గదిలోంచి డాక్టరు గొంతు వినపడింది, లోపల ఏం జరుగుతోందని. అమ్మాయి లేచి గబగబా వచ్చింది. గుమ్మంలో నిలబడి తండ్రినీ చిన్నాన్ననీ చూసింది. ఆపుతుందనుకున్నాను. ఆపలేదు. గుమ్మం తలుపు దగ్గరగా వేసి వెళ్ళి, ఫిటింగు జరుగుతోందండీ, కొంచెం చప్పుడుంటుందని ఆయనకి చెప్పింది.

చివరి మేకు దిగాక పెద్దమేస్త్రి లేవలేకపోయాడు. తమ్ముడు వచ్చి చెయ్యందించాడు. "లేవయ్యా ముసలి ఎద్దూ" అన్నాడు. వాడు ఆ చెయ్యి పట్టుకుని లేచి, పట్టుకున్న చెయ్యి వెంటనే వదల్లేదు. డాక్టరు వచ్చి సోఫా మీద అరచేత్తో చరిచి చూశాడు. ఇంట్రెస్టింగ్ అనలేదు. కూర్చున్నాడు, మరి లేవలేదు. మిగతావి ఎప్పుడు పంపమంటారని అడిగాడు.

చూశారుగా, ఎంత ఘోరం జరిగిపోయిందో! అమ్మాయి అంత కష్టపడి నేర్పిన నాగరికత ఒక గుప్పెడు మేకుల పాలైంది. రెండు వీధుల అవతలి గది ఖాళీ చేసేశారు. కింది వాటా నుంచి పైవాటాకి మళ్ళీ గిన్నెలు వెళుతున్నాయి, వాటి వెనకే అరుపులు వెళుతున్నాయి. వెనక గది తలుపుకి మాత్రం లోపలివైపు మందపాటి స్పాంజి కొట్టారు, వచ్చినవాళ్ళకి వినపడకుండా. మొన్న పొద్దున అమ్మాయి తండ్రి కత్తిరించిన గుడ్డ చూసి, "నాన్నా, నీకు బుద్ధుందా" అంది. వాడు రోజంతా మురిసిపోయాడు.

షాపులో మళ్ళీ అందరూ అందరినీ తిడుతున్నారు. సోఫాలు మోసుకెళ్ళే ఆటో డ్రైవర్ని తిడుతున్నారు, గుడ్డల కొట్టువాణ్ణి తిడుతున్నారు. టీ తెచ్చేవాడు కూడా నాలుగు తిని, నాలుగు పెట్టి వెళుతున్నాడు.

నేను మాత్రం ఆ వరానికి దూరం కాలేదు. ఇంగ్లీషు మర్యాద ఇంకా బతికి ఉన్నది నా ఒక్కడి దగ్గరే. నిన్న కావాలనే పీచు అందించకుండా కూర్చున్నాను. సుత్తి ఆగింది. అన్నదమ్ములిద్దరూ తల తిప్పి చూశారు. నేను పీచు ఉండ ఒకటి చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉన్నాను, ఎవరు ఏమంటే వాళ్ళ మొహాన కొడదామని.

ఇద్దరూ ఒక్కసారే అన్నారు, ఎంతో మెత్తగా.

"టేక్ యువర్ టైమ్ బాబాయ్ గారూ."

ఆ ఉండ ఇంకా నా చేతిలోనే ఉంది.